పూలకుప్ప జ్వరం

అతనికి దండ కట్టడానికి అరటినార దొరకలేదని ఆ ఉదయం మార్కెట్టంతా తిట్టుకుంటూ తిరిగాను. "నారతో కట్టప్పా, నైలాన్ దారం వద్దప్పా" అని ఏళ్ల తరబడి నా ప్రాణం తోడేసిన మనిషి. తీరా అతనికే కట్టాల్సి వచ్చిన రోజున ఊళ్లో ఒక్క మూర నార లేదు. చివరికి అరటిపళ్లు నూనెలో వేయించి అమ్మే మలాయ్ పెద్దమ్మ, మేమంతా మక్‌చిక్ అని పిలిచే ఆవిడ, ఇంటికి పోయి పెరట్లోంచి ఒక అరటి బోదె నరికి తెచ్చి నా బల్ల మీద పడేసింది. ఎవరికని అడిగింది. చెప్పాను. ఆవిడ అక్కడే స్టూలు మీద కూలబడి తలగుడ్డ అంచుతో కళ్లొత్తుకుంది. ఆ స్టూలు అతను కూర్చునేదే.

అతను మా మున్సిపాలిటీ ఎరువు యార్డుకి అధికారి. బటాంగ్ బెర్జుంటై అనే ఊరికి వెళ్లే దారిలో, నూనెతాటి తోటల అంచున ఆ యార్డు ఉంది. ఊళ్లో పోగయ్యే చెత్తలో కుళ్లే సరుకంతా, అంటే మార్కెట్లో మిగిలిన కూరాకులు, రోడ్ల పక్కన కోసిన గడ్డి, కొబ్బరిపిప్పి, సీజన్లో డూరియన్ పళ్ల తొక్కలు, గుళ్లలో తీసేసిన పూలు, ఇదంతా డంపుకి పోకుండా దారి మళ్లించి ఎరువు చేయించడం అతని ఉద్యోగం. నేను పూలకొట్టుదాన్ని. ఆదివారాలు తెలుగు సంఘంలో పిల్లల చేత అక్షరాలు దిద్దిస్తాను కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. నా నోరు మంచిది కాదని మా ఆయన అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతుంటాడు. అందులో అబద్ధం లేదు.

మొదటిసారి కొట్టుకు వచ్చినప్పుడు అతని మెడలో మున్సిపాలిటీ కార్డు చూసి గుండె జారిపోయింది. నీళ్ల బకెట్లు నడిచేదారి మీదికి జరిపి పెట్టుకున్నందుకు జరిమానా రాస్తాడనుకున్నాను. అతను బకెట్ల వైపు చూడనే లేదు. తిన్నగా కొట్టు వెనక్కి పోయి, వాడిన పూల బుట్ట బోర్లించి, గొంతుక్కూర్చుని కెలకడం మొదలుపెట్టాడు. "ఏటి వీడి గోల, పొద్దున్నే" అని నాలో నేను గొణుక్కున్నాను. అప్పటిదాకా తమిళంలో మాట్లాడినవాడు గిరుక్కున తిరిగి పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు.

"ఓలమ్మ, మనోలేనా? ఏ ఎస్టేటప్పా మీది?" ఈ మలాయ్ దేశంలో తెలుగువాళ్లమంతా ఏదో ఒక రబ్బరు ఎస్టేటు కూలీల పిల్లలమే.

అంతే. ఆ రోజు నుంచి నేను అతనికి అప్పని, అంటే అక్కని, అతను నాకు తమ్ముడు. అతని పేరు ఇక్కడ రాయను. యార్డు గోడ మీద పేరు చెక్కిస్తామని ఎవరో అంటే, గోడ పగిలితే అదీ చెత్తే కదా అని నవ్వి పంపేసిన మనిషి.

మా ఇద్దరికీ గొడవంతా దారం దగ్గరే. పూలు నాలుగు రోజుల్లో నల్లబడి మట్టిలో కలిసిపోతాయి. నైలాన్ దారం కలవదు. కుప్పల్ని తిరగేసే యంత్రం ఇరుసుకి చుట్టుకుని బిగుసుకుంటుంది. యంత్రం ఆగితే కుప్ప ఆగుతుంది, కుప్ప ఆగితే కంపు కొడుతుంది, కంపు కొడితే పక్క కాలనీవాళ్లు మున్సిపాలిటీ మీదికి పోతారు, అప్పుడు పైవాళ్లు ‘ఈ పూలన్నీ మనకెందుకు, డంపుకి పంపేయండి’ అంటారు. ఇదంతా అతను నాకు ఎన్నిసార్లు చెప్పాడో. చెబుతూనే నా బుట్టలోంచి పాత దండ ఒకటి తీసి, ముడి విప్పి, పూలు ఒక పక్కకి దూసి, దారాన్ని వేలికి చుట్టుకుని చొక్కా జేబులో పెట్టుకునేవాడు. ఆ జేబు ఎప్పుడూ దారపు ఉండలతో ఉబ్బి ఉండేది.

"నారతో కడితే పెళ్లికొడుకు మెళ్లోనే తెగిపోద్ది. అప్పుడు నువ్వొచ్చి పట్టుకుంటావా?" అనేదాన్ని.

"పట్టుకుంటాను లా. పిలుపు మాత్రం పంపించు" అనేవాడు, ఇక్కడ అందరిలాగే మాట చివర ‘లా’ తగిలించి.

అతన్ని పెళ్లికి పిలిస్తే అదొక తంటా. అరిటాకు భోజనాలు అవుతుండగా చేతులు వెనక్కి కట్టుకుని పంక్తుల మధ్య తిరిగేవాడు. ఆకు మడిచేముందు ప్లాస్టిక్ గ్లాసు, కాగితం అందులో పెట్టేవాళ్లను పట్టుకుని, "అన్నా, అది తీసి ఇలగియ్యి" అని చెయ్యి చాచేవాడు. సిల్కు చొక్కా వేసుకున్న పెద్దమనుషులు అడుక్కుంటున్నాడేమో అనుకుని జేబు తడుముకునేవాళ్లు. అతని భార్య నా పక్కన తలొంచుకుని, "వదినా, ఈ మడిసితో ఒక్క పెళ్లీ సుకంగా తినలేదు నాను" అని నవ్వేది. కోప్పడడం ఆమెకు రాదు. నవ్వడమే వచ్చు.

అతని టిఫిన్ క్యారియర్ పై గిన్నెలో అన్నం ఉండేది కాదు, ఎరువు ఉండేది. మా ఆయన ఒకసారి పులిహోర అనుకుని మూత తీశాడు. కాలనీవాళ్లు కంపు అని గొడవకి వచ్చిన రోజున కూడా ఆ గిన్నే అతన్ని కాపాడింది. నేనప్పుడు పూలబుట్టలు దింపడానికి యార్డుకి వెళ్లి ఉన్నాను. వాళ్లు అరుస్తున్నంతసేపూ అతను తలూపుతూ విన్నాడు. వాసన వస్తున్న మాట నిజమే, వానకి కుప్పలు తడిసిపోయాయి, గుడ్డ కప్పించడం ఆలస్యం చేశాను అని ఒప్పుకున్నాడు. అందరూ చల్లబడ్డాక గిన్నె మూత తీసి ఒక్కొక్కరి ముక్కు దగ్గర పెట్టాడు. తొలివాన పడ్డ నేల వాసన. అరిచినవాళ్లలో ఒకావిడ, ఇది బెండమొక్కలకి వేయొచ్చా అని అడిగింది. వెళ్లేటప్పుడు అందరి చేతుల్లోనూ తలా ఒక సంచీ.

ఇక అతని చెయ్యి సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే నేనేమీ చెప్పనట్టే.

కుప్ప సరిగా కుళ్లుతుంటే లోపల వేడి పుడుతుంది. ఆ వేడి చూడడానికి పొడవాటి ఇనప థర్మామీటర్లు ఉన్నాయి. ఆఫీసుకి పంపే కాగితాల కోసం అతనూ వాటితోనే చూసేవాడు. కానీ ముందు చెయ్యి పెట్టేవాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి దాకా కుప్పలోకి తోసి, కళ్లు మూసుకునేవాడు. మనం అయితే చురుక్కుమని లాగేసుకుంటాం. అతను అలాగే ఉంచి, "జ్వరం వచ్చినాది. మంచి జ్వరం" అని సంతోషపడేవాడు. జ్వరం రాని కుప్పని చూస్తే అతని ముఖం వాడిపోయేది. దానికి పచ్చిగడ్డి కావాలో, నీళ్లు కావాలో, తిరగేయాలో ఆలోచిస్తూ మధ్యాహ్నం అన్నం మరిచిపోయేవాడు.

అలా ఏళ్ల తరబడి వేడిలో పెట్టి పెట్టి ఆ చెయ్యి మొద్దుబారిపోయింది. దాని మీద వాళ్లింట్లో ఒక కథ ఉంది. అది అతని భార్య చెబితేనే వినాలి.

"మా పిల్లకి సిన్నప్పుడు ఒళ్లు పేలిపోతా ఉండేది వదినా. ఈయన సెయ్యేసి సూసి ‘సల్లగానే ఉంది’ అనేవోడు. నాను ఒంటిమీద సెయ్యేస్తే నిప్పు! కుప్పలో ఎట్టిన సెయ్యికి మడిసి జ్వరం ఏటి తెలుస్తాది?"

ఆ మాట మార్కెట్లో అందరికీ పాకింది. మరిగే టీ తెచ్చి అతని చేతికిస్తూ, "సల్లగానే ఉంది, తాగు" అనేవాళ్లం. ఎండ మండుతుంటే, "తమ్ముడా, సల్లగానే ఉంది కదా?" అని నేను ఏడిపించేదాన్ని. అతను కుడిచెయ్యి పైకెత్తి చూపించి తనే ముందు నవ్వేవాడు.

ఒకసారి గుడి ఉత్సవం అయిన మర్నాడు దండల గుట్ట ముందు కూర్చుని ఇద్దరం దారాలు తీస్తున్నాం. వేళ్లు పీక్కుపోతున్నాయి. విసుగొచ్చి అడిగేశాను: "ఊరంతా ఇంత చెత్త ఉంటే నీకు ఈ పూల పిచ్చేటి? నాలుగు దండలు డంపుకి పోతే కొంపలు మునుగుతాయా?"

అతను తలెత్తలేదు. దారం వేలికి చుట్టుకుంటూనే చెప్పాడు.

"మా అయ్య పోయినప్పుడు మేం దండ కొనలేదప్పా. ఎస్టేటు కూలోళ్ల లైనింటి ముందర కాగితంపూల సెట్టుండేది. మా యమ్మ ఆ పూలే కోసి, తన సీర అంచు సింపి, దాంతో కట్టి ఏసినాది. నాకు సెలవు దొరకనేదు. మర్నాడే డ్యూటీకి ఎల్లినాను. అప్పుడు నా డ్యూటీ డంపు కాడే. ఒక లారీ వచ్చి బోర్లించినాది. అందులో మా యమ్మ సీర అంచు కనపడినాది."

నేను చేతిలో దండ వదిలేశాను. "తీసుకున్నావా?"

"దిగి ఎల్లేలోగా బుల్‌డోజరు ఎక్కేసినాది." ఇంకో ముడి విప్పాడు. "ఒక మడిసి మెళ్లో ఏసింది డంపుకి రాకూడదని అప్పుడే అనుకున్నాను. అంతే లా. ఏరే పిచ్చేటీ నేదు."

తర్వాత నా ముఖం చూసి, నన్ను నవ్వించాలనుకున్నాడు కాబోలు, "నాను పోయినప్పుడు మాత్రం నువ్వు నారతోనే కట్టాల. నా పూలు డంపుకి పంపినారంటే లేచి వచ్చి గొడవ సేస్తాను" అన్నాడు. నోరు ముయ్యి అని తిట్టాను. నాకంటే చిన్నవాడు. నాకు అతను దండ తేవాలి గానీ అతనికి నేను కట్టడమేమిటి?

దీపావళికి ముందు వానలు. ఊళ్లో డెంగీ. జొహోర్‌లో ఉన్న కూతురు నెలలు నిండి ఉంది, పురుడు పోయడానికి అతని భార్య అక్కడికి వెళ్లింది. రోజూ పొద్దున్నే ఫోన్ చేసేది. గొంతు తేడాగా ఉందేటి, ఒళ్లు ఎలాగుంది అని అడిగిందట. అతను నుదుటి మీద చెయ్యి పెట్టుకుని చూసుకుని, "సల్లగానే ఉంది. నువ్వు పిల్లని సూసుకో" అన్నాడట. మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అదే.

యార్డు లారీ నడిపే ముసలి మలాయ్ డ్రైవరు, మేం పాక్‌చిక్ అంటాం, అతను చెప్పింది వింటే ఏడవాలో నవ్వాలో తెలియదు. ఆ చివరి ఉదయం మా తమ్ముడు కుప్ప పక్కన కూర్చుని, ఒక చెయ్యి కుప్పలో, ఒక చెయ్యి నుదుటి మీద పెట్టుకుని, "చూడు పాక్‌చిక్, నాకంటే దీనికే జ్వరం ఎక్కువ" అని నవ్వాడట. క్లినిక్‌కి పద అంటే, పూల కుప్ప తిరగేయించి వస్తానన్నాడట. తిరగేస్తుండగానే పడిపోయాడు. ఆసుపత్రిలో చేరిస్తే డెంగీ అన్నారు.

భార్య జొహోర్ నుంచి ఆసుపత్రికి వచ్చేసరికి ఒళ్లు నిజంగానే చల్లబడిపోయింది. ఆమె చెయ్యి వేసి చూసిందట. ఆ తర్వాత ఆమె నవ్వడం నేను చూడలేదు.

ఇంటి ముందు వేసిన టెంటు కింద పూలే పూలు. మున్సిపాలిటీ నుంచి ఒకటి, సంఘాల నుంచి, గుళ్ల నుంచి, కాలనీ నుంచి. బెండమొక్కల ఆవిడ తన పెరటి పూలే తెచ్చింది. అన్నిటికీ నైలాన్ దారం, మధ్య మధ్య జరీ కాగితం, వెనక థర్మాకోల్. నారతో కట్టింది నాదొక్కటే. తెగుతుందేమోనని భయపడ్డాను. తెగలేదు.

శవాన్ని ఎత్తేముందు దండలన్నీ తీసి గేటు పక్కన నల్ల సంచుల్లో కుక్కారు. మగవాళ్లు దహనశాలకి బయల్దేరారు. మాలో ఆడవాళ్లు అక్కడికి వెళ్లరు. శవం గడప దాటగానే ఇల్లు కడిగి తలస్నానాలు చేయాలి. బకెట్లు బయటికి వస్తున్నాయి. అప్పుడు వీధి మలుపు దగ్గర చెత్తలారీ హారను వినిపించింది. గోడకి చేరబడి ఉన్న అతని భార్య ఉలిక్కిపడి లేచింది.

"ఆ పూలు లారీలో ఎయ్యకండి."

ఎవరూ పట్టించుకోలేదు. దుఃఖంలో ఏదో అంటోందనుకున్నారు. నాకు మాత్రం దారాలు తీస్తూ అతనన్న మాట గుర్తొచ్చింది. గేటు దగ్గర పాక్‌చిక్ నిలబడి ఉన్నాడు. మనిషిని తీసుకెళ్లాక కూడా అతను అక్కణ్ణుంచి కదల్లేదు. ఈ సంచులు నీ లారీలో యార్డుకి తీసుకుపో అన్నాను. అతను తల గోక్కున్నాడు. తమ్ముడు ఆసుపత్రిలో ఉండగానే దారం చుట్టుకుని యంత్రం ఆగిపోయిందట. అతని బదులు చూస్తున్న కొత్తాయన, యంత్రం బాగయ్యేదాకా పూలు తీసుకోవద్దన్నాడట. ఆయన్ని అనడానికీ లేదు. మరి దారం లేని పూలైతే? అని అడిగాను. పాక్‌చిక్ ఒక క్షణం ఆలోచించి "బోలే" అన్నాడు, అంటే కుదురుతుందని.

నేను సంచీ ముడి విప్పుతుంటే వాళ్ల బంధువుల్లో ఒక పెద్దావిడ గుండె బాదుకుంది. "ఓలమ్మో, శవం మీద పూలు! మైల! ముట్టుకోకండే!"

అప్పుడు అతని భార్య నా పక్కకి వచ్చి నేల మీద కూర్చుంది. జుట్టు విరబోసుకుని ఉంది. గొంతు పెంచలేదు.

"మైలలోనే ఉన్నాం కదా పిన్నీ. ఇంకా తానాలు సెయ్యనేదు. తానం సేసినాక ముట్టుకోకూడదు. ఇప్పుడైతే ముట్టుకోవచ్చు. ఇప్పుడే తీసెయ్యాల."

పెద్దావిడ చేతిలో బకెట్టు దింపింది. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, ఆవిడే ముందు ఒక దండ ఒళ్లోకి లాక్కుంది. తర్వాత ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. కడగని ఇంటి ముందు, స్నానాలు లేకుండా, ఆడవాళ్లమంతా వలయంగా కూర్చుని ముడులు విప్పాం. పళ్లతో తెంపాం. చెత్తలారీ గేటు దాకా వచ్చింది. పాక్‌చిక్ దాని ముందు నిలబడి, ఇక్కడేమీ లేదు పొమ్మని చెయ్యి ఊపాడు. లారీ కుర్రాళ్లు లోపలికి తొంగి చూసి, టోపీలు తీసి, ముందుకి పోయారు.

నా దండ ఆమె చేతికి వచ్చింది. నార తడిమి చూసింది. "ఇది ఇప్పక్కర్నేదు" అని అలాగే గంపలో పెట్టింది. దారాలన్నీ ఉండగా చుట్టి తన కొంగున ముడి వేసుకుంది. పూలు పాక్‌చిక్ లారీలో వెళ్లాయి. అప్పుడు లేచి స్నానాలు చేశాం.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆమె నాకు ఫోన్ చేసింది. యార్డుకి తీసుకెళ్లమంది. అన్నేళ్లలో ఆమె ఎప్పుడూ అక్కడికి పోలేదు. ‘నీ కుప్పలో నాను సెయ్యెట్టను, నా గాజుల్లో సెత్త ఇరుక్కుంటాది’ అని అతన్ని ఏడిపించేది.

యార్డు మారలేదు. యంత్రం ఇంకా గుడ్డ కప్పుకునే ఉంది. పాక్‌చిక్ ఆ పూలని పారతోనే తిరగేస్తున్నాడు, ఎవరూ చెప్పకుండానే. చివర్లో, గడ్డి కప్పిన చిన్న కుప్ప. పూలు ఆనవాలు పట్టలేనట్టు నల్లబడ్డాయి. ఒక చోట మాత్రం నా నార ముక్క తేలింది, పట్టుకుంటే పొడి అయిపోయింది. ఇన్నాళ్లూ దాని కోసమే పోట్లాడాడు. అక్కడ నాకు ఏడుపు ఆగలేదు.

ఆమె ఏడవలేదు. కుప్ప ముందు మోకాళ్ల మీద కూర్చుని జాకెట్టు చెయ్యి పైకి లాక్కుంది. గాజులు లేవు కాబట్టి ఆ చెయ్యి మోచేతి దాకా సులువుగా వెళ్లిపోయింది. కళ్లు మూసుకుంది, అచ్చం అతనిలాగే.

"ఏటి మరదలా, ఎలాగుంది?" అన్నాను.

"కాలిపోతంది వదినా."

"తీసెయ్యి మరి. సెయ్యి కాల్తాది."

ఆమె తియ్యలేదు. ఇంకొంచెం లోపలికి తోసింది.

"ఉండనీ వదినా. ఆయినకి జ్వరం వచ్చినప్పుడు ఒళ్లు సూడలేకపోనాను. ఇప్పుడైనా సూడనీ."